చెరాన్‌ను పాలించేది ఎవరు?

మెక్సికో పశ్చిమ భాగాన మిచ్వకాన్ రాష్ట్రంలో, సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున, పైన్ అడవుల నడుమ చెరాన్ అనే చిన్న మునిసిపాలిటీ ఉంది. జనాభా ఇరవై వేల పైచిలుకు. 2012 నుంచి అక్కడ మేయర్ లేడు. స్థానిక ఎన్నికల్లో పార్టీల గుర్తులు గానీ, బ్యాలెట్ పెట్టెలు గానీ, గోడల మీద నాయకుల బొమ్మలు గానీ కనిపించవు. పన్నెండు మంది సభ్యుల మండలి ఊరిని పాలిస్తుంది, ఊరివాళ్లతోనే ఏర్పడిన గస్తీ దళం కాపలా కాస్తుంది. ఈ సంగతి బయటి ప్రపంచానికి రెండు రకాలుగా చేరింది. ప్రభుత్వాన్నే వెళ్లగొట్టి స్వతంత్రంగా బతుకుతున్న ఊరని కొందరు మెచ్చుకున్నారు. చట్టాన్ని తమ చేతుల్లోకి తీసుకున్న ఊరని మరికొందరు పెదవి విరిచారు. రెండు మాటల్లోనూ ఒక ముఖ్యమైన విషయం జారిపోయింది. చెరాన్ మెక్సికో రాజ్యాంగం నుంచి బయటికి రాలేదు. అది నేటికీ రాజ్యాంగం గుర్తించిన మునిసిపాలిటీయే. సమాఖ్య ఖజానా నుంచి తన వాటా నిధులు తీసుకుంటుంది, వాటికి లెక్కలు అప్పజెబుతుంది. పాలించే హక్కు ఎవరికి, ఏ పద్ధతిలో దక్కాలన్న నియమం మాత్రమే అక్కడ మారింది. ఆ మార్పు చెరాన్‌లో ఎందుకు సాధ్యపడిందో, అదే పరిస్థితిలో ఉన్న పొరుగు ఊళ్లకు ఎందుకు అంత సులువుగా దక్కలేదో తెలియాలంటే ఆ దేశపు పాలనా నిర్మాణంలోకి కొంచెం లోతుగా వెళ్లాలి.

మెక్సికోలో మునిసిపాలిటీ అంటే మనకు అలవాటైన పురపాలక సంఘం కాదు. ఒక ముఖ్య పట్టణం, దాని చుట్టూ ఉన్న పల్లెలు, పొలాలు, అడవులు అన్నీ కలిసిన భూభాగమది. విస్తీర్ణం దృష్ట్యా మన మండలానికి దగ్గరగా ఉంటుంది గానీ అధికారం దృష్ట్యా దానికంటే చాలా బలమైనది. 1917 రాజ్యాంగంలోని 115వ అధికరణం మునిసిపాలిటీని దేశ పాలనకు పునాదిగా ప్రకటించి, ప్రజలు ఎన్నుకున్న మండలియే దాన్ని నడపాలని చెప్పింది. అయుంతమియెంతో అని పిలిచే ఆ మండలిలో మేయర్ లాంటి ఒక అధ్యక్షుడు, న్యాయ, ఆర్థిక వ్యవహారాలు చూసే సిందికో, రెహిదోర్లు అనే సభ్యులు ఉంటారు. తాగునీరు, వీధి దీపాలు, సంతలు, శ్మశానాలు, స్థానిక పోలీసు వంటివన్నీ ఆ మండలి బాధ్యత. ముఖ్య పట్టణాన్ని కాబెసెరా అంటారు. నిధులు అక్కడికే వస్తాయి, అక్కడి నుంచే పల్లెలకు పంచుతారు. ఈ పంపకం దగ్గరే మెక్సికో గ్రామీణ రాజకీయాల్లో సగం తగాదాలు మొదలవుతాయి.

చెరాన్ నేల మీద ఇలాంటి వ్యవస్థ ఒక్కటే లేదు. మునిసిపాలిటీగా అది రాష్ట్రంలోని 113 మునిసిపాలిటీలలో ఒకటి. అదే సమయంలో ఉమ్మడి భూములున్న వ్యవసాయ సముదాయంగా దానికి వేరే చట్టబద్ధమైన ఉనికి ఉంది. వేల హెక్టార్ల అడవి, సాగు భూమి ఏ ఒక్కరి పేరా కాకుండా సముదాయం పేరనే ఉన్నాయి, వాటిలో హక్కుదారులను కొమునెరోలు అంటారు. ఆ ఉమ్మడి ఆస్తుల కోసం ప్రత్యేకంగా ప్రతినిధులుంటారు, వాళ్లు వ్యవసాయ చట్టానికి బద్ధులు. ఇక మూడోది, పురేపెచా ఆదివాసీ జాతికి చెందిన సముదాయంగా రాజ్యాంగం రెండో అధికరణం కింద దానికి ఉన్న హోదా. మునిసిపాలిటీకి ఎన్నికల చట్టం, భూములకు వ్యవసాయ చట్టం, జాతికి ఆదివాసీ హక్కుల చట్టం అన్నట్టుగా ఒకే నేల మీద ఒకే మనుషులకు మూడు అస్తిత్వాలు ఉన్నాయి. ఇవి ఎక్కువ చోట్ల ఒకదానికొకటి అతకవు. ఒక మునిసిపాలిటీలో నాలుగైదు ఆదివాసీ సముదాయాలు ఉండి, కాబెసెరాలో మాత్రం ఆదివాసీయేతరులు ఉండడం మిచ్వకాన్‌లో అరుదు కాదు. చెరాన్ విషయంలో ఈ మూడూ దాదాపు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కాబెసెరా తానే పెద్ద పురేపెచా సముదాయం, అడవిలో ఎక్కువ భాగం దానిదే. మునిసిపాలిటీ పరిధిలో చెప్పుకోదగ్గ మరో సముదాయం శాంతా క్రూజ్ తానాకో ఒక్కటే. తర్వాత జరిగిన కథంతటికీ ఈ భౌగోళిక యాదృచ్ఛికమే మూలమని నా అభిప్రాయం.

పేరు సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. రాష్ట్రం పేరు మిచ్వకాన్ అన్నది అస్తెకుల నవాట్ల్ భాష నుంచి వచ్చింది, చేపలు దొరికే చోటు అని దాని అర్థం. పురేపెచా భాషకు నవాట్ల్‌తో గానీ, తెలిసిన మరే భాషా కుటుంబంతో గానీ చుట్టరికం లేదు. కనుక రాష్ట్రానికి పొరుగువాళ్లు పెట్టిన పేరుంది, ఊరికి మాత్రం సొంత భాష పేరుంది. చెరాన్ అంటే పెంకులు దొరికే చోటు, అంటే పాత కుండల ముక్కలు కనిపించే చోటు అని ఎక్కువమంది చెబుతారు. భయపెట్టడం అనే అర్థమున్న చెరాని అనే మాట నుంచి వచ్చిందనీ, లోయలు, గండ్లు నిండిన ఆ నేలను చూసి అలా పిలిచి ఉంటారనీ మరో వాదన ఉంది. స్పానియర్ల కాలంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు మతప్రచారం చేసిన ప్రాంతం కాబట్టి సెయింట్ ఫ్రాన్సిస్ పేరు ముందు చేరి సాన్ ఫ్రాన్సిస్కో చెరాన్ అయింది. ఆ సెయింటు పండుగను నేటికీ అక్టోబరు 4న చేసుకుంటారు. మెక్సికోలో అనేక ఊళ్ల పేర్ల చివర స్వాతంత్ర్య వీరుల పేర్లో, అధ్యక్షుల పేర్లో తగిలించారు గానీ ఈ ఊరికి ఆ తోక రాలేదు. 2011 తర్వాత చెరాన్ కెరి అనే పిలుపు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. కెరి అంటే పెద్ద అని అర్థం. పక్కనే పరాచో మునిసిపాలిటీలో చెరానాస్తికో అనే చిన్న ఊరు ఉండడంతో ఈ పెద్ద అన్న విశేషణం అవసరమైంది. ప్రభుత్వ జాబితాల్లో మాత్రం ఇప్పటికీ చెరాన్ అన్న ఒక్క మాటే ఉంటుంది.

అడవి మీద బయటివాళ్ల కన్ను పడడం ఈ శతాబ్దపు సంగతి కాదు. పోర్ఫిరియో దియాస్ నియంతృత్వం చివరి రోజుల్లో రైలు మార్గాలు ఈ పీఠభూమి వైపు వచ్చినప్పుడు, శాంతియాగో స్లేడ్ అనే అమెరికన్ వ్యాపారి నడిపిన కలప కంపెనీ పురేపెచా ఊళ్ల ఉమ్మడి అడవులను దీర్ఘకాలపు కౌలు ఒప్పందాలతో చేజిక్కించుకుంది. ఆ కంపెనీని ఎదిరించిన కసిమిరో లెకో పేరు చెరాన్‌లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో కలప, రెసిన్, కొయ్యసామాను, మొక్కజొన్న, అమెరికా వలస ఈ ఊరి ఆధారాలయ్యాయి. నార్త్ కరోలినా కొండ ప్రాంతాల్లో చెరాన్ వాళ్లు గట్టిగానే స్థిరపడ్డారు. వాళ్లు పంపే డాలర్లు ఊళ్లో ఇళ్లనే కాదు, తర్వాతి పోరాటాన్ని కూడా నిలబెట్టాయి. 1940లో అమెరికన్ మానవ శాస్త్రవేత్త రాల్ఫ్ బీల్స్ ఇక్కడ ఉండి ఊరి జీవితాన్ని వివరంగా అధ్యయనం చేశాడు కాబట్టి, మెక్సికో పల్లెల గురించి చదివేవాళ్లకు చెరాన్ అంతకుముందు నుంచే పరిచయమున్న పేరు.

పార్టీలను వెళ్లగొట్టిన ఊరుగా పేరుపడ్డా, చెరాన్ ఒకప్పుడు పార్టీ రాజకీయాల్లో మునిగి తేలిన ఊరే. ఈ విషయాన్ని చాలా కథనాలు దాటవేస్తాయి. 1988 అధ్యక్ష ఎన్నికల్లో మోసం జరిగిందన్న ఆరోపణలతో దేశం అట్టుడికినప్పుడు, ఓడిపోయినట్టు ప్రకటించబడిన కువావ్తెమోక్ కార్దెనాస్ ఈ రాష్ట్రానికి మాజీ గవర్నరు. పురేపెచా పీఠభూమి ఆయన వెనక నిలిచింది. మరుసటి ఏడాది ఆయన స్థాపించిన పి.ఆర్.డి. పార్టీ చేతిలోనే దాదాపు ఇరవై ఏళ్లు చెరాన్ మునిసిపల్ అధికారం ఉంది. ఆ కాలంలో పార్టీ అభ్యర్థిని పేటల సభల్లోనే తేల్చేవాళ్లు. బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉన్నా, నిర్ణయం పేటలదే. అంటే 2012లో వచ్చిన పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, పార్టీ ముసుగు కింద బతికి ఉన్నదే. 2007లో పార్టీలో చీలిక వచ్చి ఓట్లు రెండుగా విడిపోయాయి, దాంతో దేశాన్ని దశాబ్దాల తరబడి ఏలిన పాత పార్టీ పి.ఆర్.ఐ. గెలిచింది. ఊరు రెండు మూడు వర్గాలుగా చీలి, ఒకరినొకరు నమ్మని స్థితికి చేరింది.

సరిగ్గా అదే సమయంలో రాష్ట్రం రక్తసిక్తమైంది. మిచ్వకాన్‌లోనే పుట్టిన ఫెలిపే కాల్దెరోన్ 2006 డిసెంబరులో అధ్యక్షుడైన పది రోజులకే మాదకద్రవ్యాల ముఠాల మీద సైనిక చర్యను ఈ రాష్ట్రం నుంచే ప్రారంభించాడు. ముఠాలు లొంగలేదు, పైగా మాదకద్రవ్యాలతో ఆగక బలవంతపు వసూళ్లు, గనులు, కలప వంటి వ్యాపారాల్లోకి విస్తరించాయి. 2008 నుంచి చెరాన్ అడవుల్లో దొంగ నరికివేత పెద్దఎత్తున మొదలైంది. కలప లారీలు పట్టపగలు ఊరి వీధుల గుండానే దిగేవి, వాటికి ముందూ వెనకా సాయుధులు ఉండేవారు. నరికిన చోట మళ్లీ మొలవకుండా నిప్పు పెట్టేవాళ్లు. ఎదురు చెప్పినవాళ్లలో కొందరు మాయమయ్యారు, కొందరు శవాలై దొరికారు. మునిసిపల్ పోలీసు పట్టించుకోలేదు, రాష్ట్రానికీ రాజధానికీ పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. చివరికి నరికివేత లా కోఫ్రదీయా అనే నీటి ఊట దాకా వచ్చింది. అడవి పోయినా ఓర్చుకున్నవాళ్లు నీళ్లు పోతాయనేసరికి ఇక ఓర్చుకోలేకపోయారు.

2011 ఏప్రిల్ 15, శుక్రవారం తెల్లవారుజామున, ఎల్ కల్వారియో అనే చిన్న ప్రార్థనాలయం దగ్గర కొందరు మహిళలు కలప వాహనాలకు అడ్డం నిలబడ్డారు. గుడి గంటలు మోగాయి, పండుగలకు పేల్చే తారాజువ్వలే ఆయుధాలయ్యాయి, ఊరు కదిలింది. కలప నరికేవాళ్లలో కొందరిని పట్టుకుని ప్రార్థనాలయంలో బంధించారు; వాళ్లను విడిపించడానికి వచ్చిన సాయుధులకు మునిసిపల్ పోలీసు వాహనమే దారి చూపిందని ఊరివాళ్లు చెబుతారు. కాల్పుల్లో ఒక గ్రామస్థుడు తీవ్రంగా గాయపడ్డాడు. కొద్ది రోజుల్లోనే పోలీసులు, మునిసిపల్ అధ్యక్షుడు ఊరు వదిలారు. ఊరి ప్రవేశమార్గాలన్నిటినీ చెట్ల దుంగలతో, ఇసుక బస్తాలతో మూసివేసి, పోలీసులు వదిలిపోయిన తుపాకులతోనే గస్తీ మొదలుపెట్టారు. అయినా నెల తిరక్కుండానే అడవిలో గస్తీ తిరుగుతున్న ఇద్దరు హత్యకు గురయ్యారు.

రాత్రిళ్లు దాడి జరుగుతుందన్న భయంతో ప్రతి వీధి మూలా మంటలు వేసి కాపలా కాయడం మొదలైంది. వాటిని ఫొగాతాలు అన్నారు; నాలుగు పేటల్లో కలిపి వాటి సంఖ్య రెండు వందల దరిదాపులకు చేరింది. చలి ఎక్కువగా ఉండే ఆ ఊళ్లో నెలల తరబడి ఇరుగుపొరుగు ఆ మంటల చుట్టూ కూర్చుని, వంట అక్కడే చేసుకుని, మాటలు అక్కడే మాట్లాడుకున్నారు. పార్టీ పేరుతో పలకరింపులు మానుకున్నవాళ్లు మళ్లీ మాట కలిపింది అక్కడే. పురేపెచా ఇంట్లో పొయ్యి చుట్టూ సంసారం ఎలా తిరుగుతుందో, ఊరంతా అలా ఆ మంటల చుట్టూ తిరిగింది. పొయ్యి దగ్గర మాట చెల్లేది ఆడవాళ్లది కాబట్టి వీధి మంట దగ్గరా వాళ్ల మాటే చెల్లింది. పార్టీలే మనల్ని చీల్చాయి, ఇక వద్దు అన్న నిర్ణయం కూడా ఆ మంటల దగ్గర మొదలై, పేటల సభలకు చేరి, జూన్ మొదటివారానికి ఊరి తీర్మానంగా మారింది. ఆ ఏడాది నవంబరు 13న జరగాల్సిన ఎన్నికల్లో తాము పాల్గొనబోమని, తమ ఆచారం ప్రకారం తమ పాలకులను తామే ఎంచుకుంటామని రాష్ట్ర ఎన్నికల సంస్థకు రాతపూర్వకంగా తెలిపారు.

ఇక్కడి నుంచి పోరాటం కోర్టుకు మారింది. రాష్ట్ర ఎన్నికల సంస్థ సెప్టెంబరులో చెప్పిన జవాబు ఒక రకంగా నిజాయితీగానే ఉంది. మిచ్వకాన్ చట్టంలో అలాంటి ఎన్నికకు దారి లేదు, కాబట్టి నిర్ణయించే అధికారం మాకు లేదు అన్నారు. దక్షిణాన వాహాకా రాష్ట్రంలో 570 మునిసిపాలిటీలుంటే, వాటిలో నాలుగు వందలకు పైగా 1995 నాటి చట్ట సవరణ తర్వాత ఆచార పద్ధతిలోనే పాలకులను ఎంచుకుంటున్నాయి. మిచ్వకాన్ శాసనసభ మాత్రం అలాంటి చట్టం చేయలేదు. రెండు వేల మందికి పైగా సంతకాలతో చెరాన్ వాళ్లు సమాఖ్య ఎన్నికల న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వాదన క్లుప్తంగా చెప్పాలంటే ఇది. ఆదివాసీ సముదాయాలకు స్వయంనిర్ణయ హక్కును 2001లో సవరించిన రాజ్యాంగం రెండో అధికరణం ఇచ్చింది. మెక్సికో 1990లో ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒడంబడికా ఇచ్చింది. 2011 జూన్‌లో వచ్చిన సవరణ ఆ అంతర్జాతీయ హక్కులకు రాజ్యాంగంలోనే చోటు కల్పించింది. రాష్ట్ర శాసనసభ చట్టం చేయకపోవడం వల్ల దేశ రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఆగిపోతుందా?

ఆగిపోదని 2011 నవంబరు 2న న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయితే నేరుగా పాలన అప్పగించలేదు. ముందు ఊరిని సంప్రదించి, మెజారిటీ ప్రజలు నిజంగా ఈ పద్ధతినే కోరుతున్నారో లేదో తేల్చమని ఎన్నికల సంస్థను ఆదేశించింది. ఆ సంప్రదింపు డిసెంబరు 18న జరిగింది, మద్దతు వెల్లువగా వచ్చింది. 2012 జనవరి 22న పేటల సభల్లో ఎన్నిక జరిగింది, ఫిబ్రవరి 5న కొత్త మండలి బాధ్యతలు తీసుకుంది. 1917 రాజ్యాంగం వెలువడిన తేదీ కూడా ఫిబ్రవరి 5 కావడం గమనించదగ్గదే.

కొత్త పాలనకు పేరు కొన్సెహో మయోర్, అంటే పెద్దల మండలి. హరుకుతిని, కెత్సికువా, కరాకువా, పరికుతిని అనే నాలుగు పేటల నుంచి ముగ్గురేసి చొప్పున పన్నెండు మంది. వాళ్లను కెరిలు అంటారు. వయసుతో పెద్దలే కానక్కర్లేదు, ఊరిలో నమ్మకం సంపాదించినవాళ్లు అయితే చాలు. అభ్యర్థిత్వం ఎవరికి వారు ప్రకటించుకోవడం, ప్రచారం చేసుకోవడం నిషిద్ధం. ఫొగాతా దగ్గర పేరు ప్రస్తావనకు వస్తుంది, పేట సభలో పరీక్షకు నిలుస్తుంది, చివరికి అభ్యర్థి వెనక బారులు తీరి నిలబడ్డవాళ్లను లెక్కపెడతారు. రహస్య ఓటు అలవాటైన మనకు ఇది ఇబ్బందిగా తోచవచ్చు. ఎవరెవరి వెనక నిలబడ్డారో అందరికీ కనిపిస్తుంది గదా అనిపిస్తుంది. ఆ విమర్శ న్యాయమైనదే. ఓట్లు కొనుగోలు చేసిన రోజులు చూసినవాళ్లకు మాత్రం బహిరంగంగా నిలబడడమే భద్రతగా తోచింది. మండలి పదవీకాలం మూడేళ్లు; 2012 తర్వాత 2015, 2018, 2021, 2024 సంవత్సరాల్లో మండలులు మారుతూ వచ్చాయి. మండలి కింద పరిపాలన, ఉమ్మడి ఆస్తులు, న్యాయం, సామాజిక కార్యక్రమాలు, పేటల సమన్వయం వంటి పనులకు విడివిడి సంఘాలున్నాయి; మహిళలకు, యువతకు తర్వాత వేరే సంఘాలు వచ్చాయి. పోలీసు స్థానంలో రోందా కొమునితారియా అనే గస్తీ దళం ఉంది, దాని సభ్యులు ఊరివాళ్లే. చిన్న తగవులు, తాగి అల్లరి చేయడం లాంటివి ఊరి న్యాయ సంఘమే తేలుస్తుంది. హత్య వంటి తీవ్రమైన నేరాలను రాష్ట్ర ప్రాసిక్యూటరుకు అప్పగిస్తుంది.

అసలు చిక్కుముడి విప్పిన సందర్భం 2014లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు మిచ్వకాన్ శాసనసభ ఆదివాసీ హక్కుల గురించి రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించింది, కానీ ఆదివాసీలను సరిగ్గా సంప్రదించలేదు. చెరాన్ దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. ప్రభుత్వ అంగాల మధ్య తగాదాలను తీర్చడానికి మెక్సికో రాజ్యాంగంలో ప్రత్యేకమైన దావా ఒకటి ఉంది. సమాఖ్య, రాష్ట్రాలు, మునిసిపాలిటీలు దాన్ని వేయగలవు, ఆదివాసీ సముదాయాలు వేయలేవు. చెరాన్ సముదాయం తన ఆదివాసీ హక్కును కాపాడుకోవడానికి తన మునిసిపల్ హోదాను వాడింది. పార్టీలు లేని, మేయరు లేని, ఆచారం ప్రకారం ఎన్నికైన పెద్దల మండలిని మునిసిపాలిటీ ప్రతినిధిగా సుప్రీంకోర్టు గుర్తించి, సంప్రదింపు లేకుండా చేసిన ఆ సవరణ చెరాన్‌కు వర్తించదని 2014 మే నెలలో తేల్చింది. ప్రభుత్వాన్ని వెళ్లగొట్టిన ఊరు అన్న మాట ఎంత తప్పో ఈ ఒక్క దావా చాలు చెప్పడానికి. మునిసిపాలిటీ అనే హోదాను వదులుకుని ఉంటే ఆ కోర్టు గుమ్మం ఎక్కే అర్హతే ఉండేది కాదు.

ఆ హోదాతో వచ్చే నిధులు కూడా తక్కువవి కావు. మునిసిపాలిటీకి రావాల్సిన సమాఖ్య వాటాలు నేరుగా పెద్దల మండలికే వచ్చాయి. ఊరు ఉమ్మడి నర్సరీ పెట్టి ఏటా లక్షలాది పైన్ మొక్కలు పెంచి కాలిన కొండలను తిరిగి పచ్చబరిచింది. ఉమ్మడి రంపపు మిల్లు, రెసిన్ శుద్ధి చేసే కర్మాగారం, సిమెంటు ఇటుకల తయారీ నడుపుతోంది. కుకుందికాటా కొండ మీద వాననీటిని పట్టి నిలవచేసే పెద్ద జలాశయం కట్టింది. అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం నా దృష్టిలో వేరొకటి. చుట్టూ ఉన్న మిచ్వకాన్ కొండలను ఎగుమతి అవకాడో తోటలు మింగేస్తున్నాయి. అవకాడోకు నీళ్లు ఎక్కువ కావాలి, డబ్బు ఎక్కువ వస్తుంది, డబ్బు వెంట ముఠాలూ వస్తాయి. చెరాన్ తన భూముల్లో వాణిజ్య అవకాడో తోటలను నిషేధించింది. భూమి సముదాయం పేర ఉండడం వల్లే ఇలాంటి నిషేధం అమలవుతుంది. వ్యక్తిగత పట్టాలున్న చోట ఎంత మంచి మండలి అయినా పొరుగువాడి తోటను ఆపలేదు.

లోపాలు లేవని కాదు. తిరుగుబాటును మొదలుపెట్టింది మహిళలైతే, మొదటి మండలిలో పన్నెండు మందిలో ఒక్కరే మహిళ. తర్వాతి మండలుల్లో సంఖ్య పెరిగింది గానీ నెమ్మదిగా. గస్తీ దళపు తొలి సభ్యుల్లో ఒకరైన గ్వాదలూపె కంపనూర్ 2018 జనవరిలో హత్యకు గురైంది. ఊరి పొలిమేర దాటాక భద్రత ఎంత బలహీనమో ఆ ఘటన చూపింది. ఏళ్లు గడిచేకొద్దీ ఫొగాతాల దగ్గర హాజరు పలచబడింది. దాడి భయం తగ్గాక రాత్రిపూట మంట చుట్టూ కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు మరి.

తానాకో మరింత చిక్కైన ప్రశ్న. అది కూడా పురేపెచా ఊరే, అదే మునిసిపాలిటీలో ఉంది, కానీ దాని సభలు వేరు, భూములు వేరు, చెరాన్‌తో సరిహద్దు తగాదాలు పాతవి. చెరాన్ ఆచారం ప్రకారం నాలుగు పేటలు పన్నెండు మందిని ఎన్నుకుంటే, ఆ పేటల్లో లేని తానాకో ఎక్కడ నిలబడాలి? పెద్ద సముదాయపు స్వయంపాలన చిన్న సముదాయం మీద పెత్తనంగా మారే ప్రమాదం ఇక్కడ ఉంది. ఈ ప్రశ్నకు జవాబు చెరాన్ నుంచి కాక పిచాతరో అనే మరో ఊరి నుంచి వచ్చింది. తింగంబాతో మునిసిపాలిటీలో పల్లెగా ఉన్న పిచాతరోకు చెరాన్ దారి మూసుకుపోయింది, ఎందుకంటే అది కాబెసెరా కాదు, మునిసిపాలిటీ అంతా దాని జాతిదీ కాదు. అందుకని అది మునిసిపల్ అధికారాన్ని అడగకుండా, జనాభా లెక్కన తనకు రావాల్సిన బడ్జెట్ వాటాను నేరుగా తన చేతికే ఇమ్మని కోరింది. 2016లో సమాఖ్య ఎన్నికల న్యాయస్థానం ఆ హక్కును ఒప్పుకుంది. 2021లో మిచ్వకాన్ కొత్త మునిసిపల్ చట్టం ఆ దారిని చట్టంలోనే రాసింది. దరఖాస్తు చేసి, సంప్రదింపు జరిపించుకుంటే ఆదివాసీ పల్లె తన బడ్జెట్ తానే నడుపుకోవచ్చు. తర్వాత పదుల సంఖ్యలో పురేపెచా పల్లెలు ఈ దారి పట్టాయి. చెరాన్ మునిసిపాలిటీ లోపలే ఉన్న తానాకో కూడా తన బడ్జెట్ వాటాను తీసుకుని తన మండలితో తన పనులు చూసుకుంటోంది.